కెమెరా వెనకాల చంద్రం గారు

కంప్యూటర్లో వీడియో నడుస్తుండగా మంచి చోట ఆపి ఫొటో తీసుకుందామనుకున్న ప్రతివాళ్లకీ ఇది అనుభవమే. నడుస్తున్నంతసేపూ ముఖం వెలిగిపోతూ ఉంటుంది. ఆపగానే ఒక కన్ను సగం మూసుకుని, నోరు మాటకీ ఆవలింతకీ మధ్య ఎక్కడో ఇరుక్కుని, చెయ్యి ఉండవలసిన చోట మసక మరక ఒకటి మిగులుతుంది.

కాకినాడలో ఒక ఇంజనీరింగు కాలేజీలో బొమ్మల మీద పరిశోధన చేసే హైమవతికి ఈ చిక్కు తన కూతురు చిన్మయి స్కూలు డాన్సు వీడియో దగ్గర వచ్చింది. పిల్ల గిర్రున తిరిగి ఆగి నవ్విన ఆ ఒక్క క్షణాన్ని పట్టుకోవాలని ఆదివారం పొద్దుటంతా కంప్యూటర్ ముందు కూర్చుంది. వచ్చినవన్నీ దెయ్యం బొమ్మలే. చిన్మయి వాటిని చూసి, ఇవి ఎవరికైనా పంపిస్తే స్కూలుకి వెళ్లనని ఖచ్చితంగా చెప్పేసింది.

ఆరోజు మధ్యాహ్నం అన్నం కలుపుకుంటూ హైమ ఆలోచనలో పడింది. వీడియోలో ఒక్కో బొమ్మ దగ్గర ఉన్న వెలుతురు చాలా తక్కువ. కానీ దానికి ముందూ వెనకా వందల బొమ్మలున్నాయి. ఆ క్షణానికి సంబంధించిన జాడ వాటన్నిటిలోనూ కొంచెం కొంచెం మిగిలే ఉంటుంది. దాన్నంతా పోగుచేసి ఒక్కచోట పోస్తే? చారు చల్లారిపోయిందని మామగారు రెండుసార్లు చెప్పినా ఆమెకి వినబడలేదు.

ఆ ఆలోచన ప్రోగ్రాముగా మారడానికి రెండేళ్లు పట్టింది. దానికి 'నిలుపు' అని పేరు పెట్టింది. మొదటి పరీక్షకి చిన్మయి పుట్టినరోజు వీడియో తీసుకుంది. భర్త మోహన్ సెల్‌ఫోనుతో తీసిన వీడియో అది. పిల్ల కేకు మీది కొవ్వొత్తి ఊదుతున్న చోట హైమ మీట నొక్కింది. తెర కాసేపు బూడిదరంగులో ఉండిపోయి, తర్వాత మెల్లిగా తేరుకుంది. కొవ్వొత్తి పొగ దారంలా విడివిడిగా కనబడుతోంది. పిల్ల రెప్పవెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. హైమ ఒక్కతే కూర్చుని చప్పట్లు కొట్టుకుంది.

ఆ సంతోషంలో ఆమె ఇంకో సంగతి ఆలస్యంగా గమనించింది. వీడియో అంచు దగ్గర బొమ్మ ఆగలేదు. గదిలోని స్టీలు గ్లాసుల మీద, బుడగల మీద, కేకు కోసే కత్తి మీద, పిల్లల కళ్లలో పడ్డ వెలుతురు కూడా వెలుతురే కదా. దాన్ని వదిలెయ్యాలని ప్రోగ్రాముకి ఎవరూ చెప్పలేదు. అది ఆ మెరుపులన్నిటినీ ఏరుకుని, కెమెరా వెనకవైపు గదిని కూడా కట్టేసింది. ఫోను పట్టుకుని ఒక కన్ను మూసుకున్న మోహన్, అతని వెనక ఫ్రిజ్, ఆ ఫ్రిజ్ పక్కన గోడ వైపు తిరిగి నిలబడ్డ మామగారు వీర్రాజు. ఆయనకి రెండు బుగ్గలూ ఉబ్బి ఉన్నాయి. రెండు చేతుల్లోనూ చెరో లడ్డూ ఉంది. షుగరు జబ్బు మనిషి, స్వీటు వైపు చూడనైనా చూడొద్దని డాక్టరు చెప్పిన మనిషి.

హైమ ఆ బొమ్మని ప్రింటు తీసి ఇంటికి పట్టుకెళ్లింది. ఇల్లంతా పడి పడి నవ్వారు. వీర్రాజు కూడా నవ్వాడు. ఆయన పోర్టులో టగ్గు బోటు నడిపి రిటైరైనవాడు. సముద్రం మీద ఎన్ని చేసినా ఎవరికీ దొరకలేదు గానీ సొంత ఇంట్లో ఫ్రిజ్ పక్కన దొరికిపోయానని ఆయనే అందరికీ చెప్పుకున్నాడు.

ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. ఆఫీసులో పని తెమలడం లేదని వీడియో కాల్‌లో చెప్పిన మోహన్ కళ్లజోడులో, వేడివేడి బజ్జీల ప్లేటు కనిపించింది. హైమ సరదాకే ఆ బొమ్మ తీసింది. మోహన్ సరదాగానే తీసుకున్నాడు. కానీ తర్వాత నుంచి ఫోను వస్తే కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, ఎదురుగా ఉన్నది ఎవరో తెలియకుండానే మాట్లాడేవాడు. చిన్మయి స్నేహితురాలితో వీడియోలో మాట్లాడే ముందు టేబుల్ మీది స్టీలు సామాన్ల మీద తువ్వాలు కప్పేది. వీర్రాజు అయితే ఎవరి చేతిలో ఫోను కనబడినా హాల్లోంచి లేచి డాబా మీదికి వెళ్లిపోయేవాడు. ఒకప్పుడు ఆ ఇంట్లో అందరూ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు భోజనాల దగ్గర గరిటె చప్పుడు వినబడుతోంది.

ఒక సాయంత్రం హైమ డాబా మీదికి వెళ్లి, ఇంకా లడ్డూల సంగతి మనసులో పెట్టుకున్నారా అని మామగారిని అడిగింది. ఆయన హార్బరు వైపు తిరిగాడు.

"కెమెరా ముందుకొచ్చినోడు జుట్టు దువ్వుకునొస్తాడమ్మా" అన్నాడు. "ఎనకాలున్నోడికి తనని చూస్తన్నారని తెలీదు. తెలీనోణ్ణి పట్టుకుని నలుగురికీ చూపించడం నాకెందుకో బాగోలేదు."

ఆ వారంలోనే బెంగుళూరు నుంచి ఒక కంపెనీవాళ్లు ఇద్దరు వచ్చారు. ఆఫీసు మీటింగుల వీడియోల్లోంచి ఉద్యోగులు తెర వెనకాల ఏం చేస్తున్నారో తెలుసుకోవడానికి 'నిలుపు' కావాలన్నారు. ప్రిన్సిపాల్ గారు కాలేజీ పేరు దేశమంతా మోగుతుందని అప్పుడే ఊహల్లో ఉన్నారు. చేసి చూపించమంటే, హైమ వాళ్లలో పెద్దాయనతో కిందటి వారం మాట్లాడిన వీడియోనే పెట్టి మీట నొక్కింది. ఆయన వెనక కిటికీ అద్దంలోంచీ, టేబుల్ మీది సీసాలోంచీ మెరుపులు ఏరుకుని బొమ్మ తయారైంది. పైన కోటు, టై. టేబుల్ కింద గళ్ల లుంగీ. చిన్నాయన నవ్వు ఆపుకోలేక మంచినీళ్ల కోసం బయటికి వెళ్లాడు. పెద్దాయన నవ్వలేదు. ఇది ఉద్యోగులకి మాత్రమే వాడాలని, మేనేజర్లకి కాదని ఒప్పందంలో రాసుకుందామన్నాడు.

ఆ మాటతో హైమ మనసులో ఉన్నది తేలిపోయింది. వాళ్లకి టీ ఇప్పించి, మర్యాదగా వద్దని చెప్పి పంపేసింది. ప్రోగ్రాముకి తాళం వెయ్యాలనుకుంది. కెమెరా ముందున్నది ఎంత స్పష్టంగానైనా తియ్యవచ్చు. వెనక ఉన్నవాళ్లు మాత్రం నల్లని నీడలుగానే ఉండిపోవాలి. ఆ మనిషి తనంతట తాను వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని ముఖం చూపిస్తేనే ఆ నీడ విడుతుంది. ఒకసారి ఆ తాళం ప్రోగ్రాములో కలిసిపోయాక హైమకి కూడా దాన్ని తియ్యడం సాధ్యం కాదు. వీర్రాజుకి ఈ సంగతి చెబితే, ఆరోజు హాల్లో కూర్చుని టీ తాగాడు.

తాళం పని పూర్తి కావస్తుండగా నూకరత్నం వచ్చింది.

ఆమె జగన్నాథపురంలో చీరలకి ఫాల్సు కుడుతుంది. 'నిలుపు' గురించి పేపర్లో వచ్చిన చిన్న వార్త చూసి, కాలేజీలో అడిగి తెలుసుకుని, సరాసరి ఇంటికే వచ్చింది. చేతిలో గుడ్డసంచి నిండా సీడీలు, పెన్‌డ్రైవులు ఉన్నాయి. ఆమె భర్త రామచంద్రాన్ని ఊళ్లో 'వీడియో చంద్రం' అనేవారు. కాకినాడ చుట్టుపక్కల పెళ్లి అంటే ఆయన కెమెరా ఉండాల్సిందే. తనూజ అని ఒక్కతే కూతురు. పిల్లకి ఊహ తెలిసీ తెలియని వయసులోనే ఆయన గుండెపోటుతో పోయాడు. ఇప్పుడు తనూజకి పెళ్లి కుదిరింది. పీటల దగ్గర పెట్టుకోవడానికి తండ్రి ఫొటో కావాలి. కానీ లేదు. వాళ్ల పెళ్లి ఫొటోలు తుఫాను నీళ్లలో ముద్దయిపోయాయి. ఓటరు కార్డులో ఉన్నది మనిషో మసో చెప్పడం కష్టం. మిగతా జన్మంతా ఆయన కెమెరా వెనకాలే గడిపేశాడు. అందుకని నూకరత్నం ఆయన వీడియో తీసిన పెళ్లిళ్ల ఇళ్లన్నీ తిరిగి, పాత క్యాసెట్లనుంచి ఎక్కించుకున్న వీడియోలు అడిగి తెచ్చుకుంది.

హైమ ఇబ్బందిగా మామగారి వైపు చూసింది. తాళం వేస్తే చంద్రం ఎప్పటికీ నీడగానే ఉండిపోతాడు. వచ్చి కంప్యూటర్ ముందు కూర్చోవడానికి ఆయన లేడు. వెయ్యకపోతే, తెలియకుండా ఎవరినీ చూపించకూడదని తనే పెట్టుకున్న మాట మొదటి రోజే తప్పినట్టు. ఈ సంగతంతా ఆమె దాపరికం లేకుండా చెప్పింది. ఆయన ఏ స్థితిలో కనబడతాడో తెలియదని, చూశాక చూడకపోయినా బాగుండేదని అనిపించవచ్చని కూడా చెప్పింది.

నూకరత్నం సంచి ఒళ్లో పెట్టుకుని విన్నది.

"ఆయన ఊరందర్నీ చూశారండి" అంది. "ఆయన్ని నేనొక్కదాన్నీ చూస్తే ఆయనకి కోపమొస్తుందంటారా?"

జవాబు వీర్రాజు చెప్పాడు.

"చంద్రం గార్ని అడగలేం. ఆయన తరపున చెప్పగలిగింది ఈవిడొక్కర్తే. తెర ఈవిడ వైపుకి తిప్పమ్మా. మనం చూడొద్దు. ఈవిడ చూసి, పర్లేదంటే మనకి చూపిస్తది. వద్దంటే అక్కడికక్కడే చెరిపేద్దారి."

మర్నాటి నుంచి నూకరత్నం ల్యాబుకి రావడం మొదలుపెట్టింది. వీర్రాజు కూడా, తీర్పు చెప్పినవాడు పక్కన ఉండాలంటూ, వెంట వచ్చేవాడు. కెమెరా ఎక్కడ ఉందో ప్రోగ్రాముకి తెలుస్తుంది కాబట్టి, ఆ చోట ఉన్న మనిషిని మాత్రమే వెలిగించి, వెనక ఉన్న మిగతా పెళ్లివారినందరినీ నీడలుగా ఉంచేలా హైమ దాన్ని మార్చింది. తెర నూకరత్నం వైపు తిప్పి, తాను ఈవల కూర్చుని మీట నొక్కేది.

మొదటి బొమ్మ వచ్చినప్పుడు నూకరత్నం ముందుకి వంగింది. "చొక్కా ఉందండి. ఆ జేబు నేను కుట్టిందే. చేతులు ఆయనవే. మొహం ఉండాల్సిన చోట కెమెరా ఉంది" అంది.

రెండో పెళ్లిలోనూ అంతే. మూడోదీ అంతే. పెళ్లికూతురి ముక్కుపుడకలోంచి వచ్చినా, మంగళస్నానాల ఇత్తడి బిందె మీదినుంచి వచ్చినా, చంద్రం కంటికి కెమెరా ఆనించుకునే ఉన్నాడు. చొక్కాలు మారుతున్నాయి. జుట్టు కొంచెం పలచబడుతోంది. ముఖం లేదు. నూకరత్నం నిరాశని నవ్వులోకి తిప్పుకునే మనిషి. ఇంట్లో కూడా ఇంతేనని, రాత్రి ముహూర్తాలు ముగించుకుని తెల్లారి వచ్చి దుప్పటి కప్పుకునేవాడని, లేచాక పేపరు అడ్డం పెట్టుకునేవాడని చెప్పింది. కోప్పడేవాడు కాదు, కొట్టేవాడు కాదు. అలాగని నవ్వేవాడూ కాదు. కాపురం చేసినన్నాళ్లూ ఆయన మనసులో ఏముందో తనకి అంతు చిక్కలేదని, పెళ్లి చేసుకుని సుఖపడ్డాడో లేదో కూడా తెలియదని, ఆ చివరి మాట మాత్రం తలవంచుకుని చెప్పింది. తనూజకి నాన్న అంటే ఒక నల్లపెట్టె, దాని మీద వెలిగే ఎర్ర దీపం. అంతకుమించి గుర్తు లేదు.

ఫొటో మాట అటుంచి ఈమె అసలు వెతుకుతున్నది ఏమిటో హైమకి అప్పుడు అర్థమైంది. ఆ రోజు నుంచి తనకి కూడా పట్టుదల పెరిగింది.

సంచిలో వీడియోలు తరిగిపోతున్నాయి. పిఠాపురం దగ్గర ఒక పెళ్లి ఊరేగింపు వీడియో నడుస్తుండగా హైమ ఉన్నట్టుండి ఆపి, వెనక్కి జరిపి మళ్లీ చూసింది. ఇన్ని పెళ్లిళ్లు చూశాక ఆమెకి ఒకటి అలవాటైంది. చంద్రం తీసిన వీడియోలన్నీ సన్నగా ఊగుతాయి. అది మనిషి ఊపిరి. ఇక్కడ బ్యాండుమేళం వాళ్లు పందిరి ముందు నిలబడి వాయించడం మొదలుపెట్టాక ఆ ఊగడం ఆగిపోయింది. బొమ్మ రాయిలా నిలబడింది. అంటే కెమెరాని స్టాండు మీద పెట్టి, ఆయన దానికి ఆనించిన కన్ను తీసేశాడన్నమాట. పైగా బ్యాండువాళ్లలో ముందువరస మనిషి చేతిలో పెద్ద ఇత్తడి బాకా ఉంది. తుడిచి తుడిచి మెరిపించిన బాకా. దాని నోరు సరిగ్గా కెమెరా వైపు తిరిగి ఉంది.

హైమ తెరని నూకరత్నం వైపు తిప్పి మీట నొక్కింది. ఈసారి పోగుచెయ్యవలసినది ఎక్కువ ఉండడంతో కంప్యూటర్ చాలాసేపు తీసుకుంది. వీర్రాజు క్యాంటీను నుంచి టీలు తెచ్చాడు. నూకరత్నం గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు. హైమకి తెర కనబడదు. ఆమె నూకరత్నం ముఖాన్నే చూస్తూ కూర్చుంది.

ఆ ముఖం మీద బూడిదరంగు వెలుతురు మెల్లిగా పసుపు రంగుకి తిరిగింది. నూకరత్నం కళ్లు చిట్లించింది. తర్వాత కళ్లు పెద్దవయ్యాయి. చెంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుని, కుర్చీలో పక్కకి తిరిగిపోయింది. భుజాలు కదిలిపోతున్నాయి. చెరిపెయ్యడానికి హైమ చెయ్యి మీట మీదికి పోయింది. వీర్రాజు లేచి, ఆవిడని కాసేపు ఒంటరిగా వదిలేద్దామని తలుపు వైపు నడిచాడు.

"ఉండండి బాబుగారూ" అంది నూకరత్నం. ఆమె ఏడవడం లేదు. నవ్వాపుకోలేక పోతోంది. ఊపిరి తీసుకుని, రెండు చేతులతో తెరని వాళ్ల వైపు తిప్పింది.

బాకా ఇత్తడి రంగులో తడిసిన బొమ్మ. వెనక పెళ్లివారంతా నీడలు. వాళ్లకి ఇవతల, స్టాండు మీది కెమెరా పక్కన, ఎవరూ తనని చూడడం లేదన్న ధైర్యంతో ఒక బక్కపలచని మనిషి నాట్యం చేస్తున్నాడు. రెండు చేతులూ ఆకాశంలోకి లేపాడు. ఒక చేతికి జేబురుమాలు చుట్టుకున్నాడు. ఒక కాలు గాలిలో ఉంది. కళ్లు మూసుకుని, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. చొక్కా బొత్తం ఒకటి ఊడిపోయి ఉంది.

వీడియోలో పాట పెట్టమని అడిగింది నూకరత్నం. హైమ మొదటినుంచి పెట్టింది. బాకాలు, డోళ్లు ఒక్కసారిగా ల్యాబులోకి వచ్చిపడ్డాయి. తెర మీద బ్యాండువాళ్లు వాయిస్తూ కెమెరా పక్కకి చూసి నవ్వుకుంటున్నారు. ఇంతకాలం ఆ నవ్వు ఎందుకో ఎవరికీ తెలియదు. నూకరత్నం వీడియో అయిపోయేదాకా చూసి, మళ్లీ పెట్టమంది. ఈసారి టీ తాగుతూ చూసింది.

"సుఖంగానే ఉన్నారు" అంది, ఎవరితోనూ కాకుండా.

ఆ మధ్యాహ్నమే హైమ ప్రోగ్రాముకి తాళం వేసేసింది. ప్రిన్సిపాల్ గారు కొన్నాళ్లు అలిగారు. తర్వాత మీటింగుల్లో, మనిషికి చాటు ఉండాలని తెలిసిన ప్రోగ్రాము మా కాలేజీలోనే పుట్టిందని ఆయనే చెప్పడం మొదలుపెట్టారు. ఇంట్లో స్టీలు సామాన్ల మీద తువ్వాలు తీసేశారు. మోహన్ కళ్లజోడు పెట్టుకుని ఫోనులో మాట్లాడుతున్నాడు. వీర్రాజు డాబా దిగి వచ్చి, భోజనాల దగ్గర టగ్గు బోటు కథలు మళ్లీ అందుకున్నాడు. వాటిలో ఎంత నిజమో ఎవరూ పరీక్షించలేరు.

ఫొటో చూసి తనూజ, నాన్నకి ఇంత నవ్వు వచ్చా అని అడిగి, ఆయన ముఖం మీద వేలితో మెల్లిగా రాసింది. కాసేపటికి పెళ్లికూతురి భయాలు గుర్తొచ్చాయి. అత్తవారి ముందు కన్యాదానం పీటల దగ్గర చిందులేస్తున్న ఫొటో ఏం బాగుంటుంది, మెడ పైభాగం మాత్రం కత్తిరించి పెద్దది చేయిద్దామంది. నూకరత్నం ఒప్పుకోలేదు. ఇన్నాళ్లకి కనబడ్డ మనిషిని మళ్లీ సగం దాచలేనంది. ఆ మాట తర్వాత తనూజ కూడా పట్టుబట్టలేదు. ఫొటో నిలువెత్తున తయారైంది. దండ వేస్తే పైకెత్తిన చేతులు కనబడవని దండ కూడా వెయ్యలేదు.

పెళ్లిలో ఆ ఫొటో పీటల పక్కన కుర్చీలో నిలబెట్టారు. పురోహితుడు మంత్రం మధ్యలో రెండుసార్లు అటు చూసి, రెండోసారి నవ్వేశాడు. వియ్యంకుడు కళ్లజోడు సరిచేసుకుని దగ్గరికి వెళ్లి చూసి, ఇలాంటి మనిషి ఉండి ఉంటే పెళ్లి మహా సందడిగా ఉండేదన్నాడు. తనూజ తలవంచుకుని, బాసికం కింద నుంచి తండ్రిని చూసుకుంటూ ఉంది.

అక్షింతలు వెయ్యడానికి వచ్చినవాళ్లలో సగంమంది పెళ్లిళ్లకి చంద్రం వీడియో తీసినవాడే. కెమెరా గుర్తుంది, కెమెరా వెనక మనిషి ఎలా ఉంటాడో వాళ్లలో ఎవరికీ గుర్తులేదు. ఒక్కొక్కరే ఆ కుర్చీ దగ్గర ఆగిపోయారు. మా పెళ్లికి ఈయనే వచ్చాడని, మా అక్క పెళ్లికి కూడానని, తలంబ్రాలప్పుడు మమ్మల్ని అటు తిరగండి ఇటు తిరగండి అని విసిగించింది ఈయనేనని చెప్పుకుంటూ, అక్షింతలు వెయ్యడం మరిచిపోయి అక్కడే గుమిగూడారు. భోజనాలకి లెమ్మని చెప్పడానికి వచ్చిన హైమ, వీర్రాజు కూడా ఆ గుంపులో ఇరుక్కున్నారు.

పిఠాపురం నుంచి వచ్చిన ఒక ముసలావిడ ఫొటోని కిందనుంచి పైదాకా చూసి, బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఎంత సరదా మనిషమ్మా" అంది నూకరత్నంతో. "ఇంట్లో కూడా ఇలాగే ఉండేవోరా?"

హైమ అప్రయత్నంగా నూకరత్నం వైపు చూసింది. ఆమె పట్టుచీర చెంగు భుజం మీద సర్దుకుంది. మొగుడి ముఖంలోకి ఒకసారి చూసింది.

"ఆయ్" అంది. "ఎప్పుడూ ఇంతేనండి. ఇల్లంతా గోలగోలగా ఉండేది."

వీర్రాజు చటుక్కున ముఖం పక్కకి తిప్పుకుని, అన్నాలు చల్లారిపోతున్నాయని కోడలి చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు.